బీరువాలో నిద్రిస్తున్న చిన్న కెమెరా

రీలు కెమెరా తెరమరుగవుతూ, సెల్‌ఫోను కెమెరా ఇంకా నిలదొక్కుకోని సంధికాలంలో మధ్యతరగతి ఇళ్ళలోకి అరచేతిలో ఇమిడే ఒక చిన్న యంత్రం ప్రవేశించింది. పట్నంలో ఉద్యోగం చేసే కొడుకో, దూరదేశం నుండి సెలవుల్లో వచ్చిన అల్లుడో తెచ్చి ఇంట్లో పెట్టిన డిజిటల్ కెమెరా అది. రీలు కొనే ఖర్చు లేదు, కడిగించే ఖర్చు లేదు. నొక్కిన మరుక్షణమే బొమ్మ వెనుక అద్దంలో కనిపించేది. సీమంతం, నామకరణం, గృహప్రవేశం, తాతగారి షష్టిపూర్తి అన్నీ అందులోకి చేరాయి. తరువాత సెల్‌ఫోను వచ్చింది. కెమెరా పట్టుచీరల మడతల పక్కన, బీరువా అరలో పడుకుంది.

దానిని నేడు మళ్ళీ బయటకు తీయవలసిన కారణాలు రెండు ఉన్నాయి. మొదటిది, అది ఇప్పటికీ పనికివచ్చే మంచి పనిముట్టు. రెండవది ఇంకా ముఖ్యమైనది. దాని లోపలి మెమరీ కార్డులో ఉన్న బొమ్మలు ఎల్లకాలం నిలిచేవి కావు. ఈ రెంటినీ వరుసగా పరిశీలించడం అవసరం.

కొద్దిపాటి చరిత్ర

వెలుతురును విద్యుత్తుగా మార్చి లెక్కించే సీసీడీ అనే పరికరాన్ని 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు రూపొందించారు. నలభై ఏళ్ళ తరువాత, 2009లో, వారికి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 1975లో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అనే ఇంజినీరు సీసీడీతో తొలి డిజిటల్ కెమెరాను తయారుచేశారు. దాని బరువు మూడున్నర కిలోలకు పైమాటే. ఒక్క నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్టు టేపు మీద నమోదు చేయడానికి దానికి 23 సెకన్లు పట్టేది. బొమ్మలో ఉన్న చుక్కలు పదివేలు మాత్రమే.

అక్కడ మొదలైన యంత్రం ముప్పై ఏళ్ళలో చొక్కా జేబులోకి వచ్చింది. జపాను కేంద్రంగా ఉన్న కెమెరా తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం 2010లో ప్రపంచమంతటా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు కర్మాగారాల నుండి బయటకు వెళ్ళాయి. వాటిలో అత్యధిక భాగం ఈ చిన్న కెమెరాలే. 2023 నాటికి అన్ని రకాలూ కలిపినా ఆ సంఖ్య 80 లక్షలకు లోపే. మధ్యలో జరిగినది అందరికీ తెలిసినదే. సెల్‌ఫోను ఆ పనిని తనలో కలుపుకొన్నది.

ఒక నమూనా: ఏ590 ఐఎస్

ఆనాటి కెమెరాల గుణగణాలు తెలుసుకోవడానికి ఒక్కదానిని నమూనాగా తీసుకుంటే చాలు. కెనాన్ సంస్థ 2008 జనవరిలో ప్రకటించిన ‘పవర్‌షాట్ ఏ590 ఐఎస్’ అందుకు తగినది. ఇది ఖరీదైన తరగతికి చెందినది కాదు. సామాన్య కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకొని చేసినది.

దీని వెడల్పు దాదాపు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు, ఎత్తు ఆరున్నర, మందం నాలుగు సెంటీమీటర్లు. సెల్లులు లేకుండా బరువు సుమారు 175 గ్రాములు. దీనిలోని సీసీడీ సెన్సర్ చిటికెన వేలి గోరు కంటే చిన్నది. అయినా 80 లక్షల చుక్కలతో, అనగా 8 మెగాపిక్సెళ్ళతో బొమ్మ తీస్తుంది. ఆ లెక్కలో బొమ్మ నిడివి 3264 చుక్కలు, ఎత్తు 2448 చుక్కలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేస్తే దాదాపు పదకొండు అంగుళాల నిడివి, ఎనిమిది అంగుళాల ఎత్తు గల పటం వస్తుంది. గోడకు తగిలించే పటానికి ఇది చాలు. ఆల్బములో పెట్టే నాలుగు–ఆరు అంగుళాల బొమ్మకైతే 22 లక్షల చుక్కలే సరిపోతాయి. కాబట్టి ‘పాత కెమెరాలో మెగాపిక్సెళ్ళు తక్కువ’ అనే చిన్నచూపు కుటుంబ ఆల్బము విషయంలో అంతగా నిలవదు.

లెన్సు నాలుగు రెట్లు దగ్గరకు లాగగలదు. ఇది అసలైన జూమ్. గాజు కటకాలే ముందుకు వెనుకకు జరిగి దూరపు వస్తువును పెద్దది చేస్తాయి. చాలా ఫోనులలో వేళ్ళతో సాగదీసినప్పుడు జరిగేది వేరు. అక్కడ ఉన్న బొమ్మలో ఒక ముక్కను కత్తిరించి పెద్దది చేస్తారు. రెండు, మూడు లెన్సులు ఉన్న ఖరీదైన ఫోనులలో ఈ లోటు కొంత తీరింది కాని, సామాన్య ఫోనులో తీరలేదు. బడి వార్షికోత్సవంలో వేదిక మీద నృత్యం చేస్తున్న మనుమరాలిని వెనుక వరుస నుండి తీయవలసి వచ్చినప్పుడు ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

పేరు చివర ఉన్న ‘ఐఎస్’ అనేది చేతి వణుకును సరిచేసే ఏర్పాటు. చేయి కొద్దిగా కదిలితే లెన్సులోని ఒక భాగం దానికి ఎదురుగా కదిలి బొమ్మ చెదరకుండా చూస్తుంది. కదులుతున్న మనిషిని మాత్రం ఇది ఆపలేదు.

ఆకర్షణ ఎక్కడ ఉంది?

మొదటిది సెల్లు. ఏ590కు ప్రత్యేకమైన బ్యాటరీ అక్కరలేదు. గోడగడియారంలో వేసే ‘డబుల్ ఏ’ సెల్లులు రెండు చాలు. నాటి కెమెరాలు అనేకం మూలపడడానికి కారణం యంత్రం చెడిపోవడం కాదు. వాటి ప్రత్యేక బ్యాటరీ ఉబ్బిపోవడం, లేదా చార్జరు పోవడం. డబుల్ ఏ సెల్లుతో నడిచే కెమెరాకు ఆ చిక్కు లేదు. అయితే ఒక హెచ్చరిక అవసరం. గడియారానికి వేసే చవక రకం సెల్లు కెమెరాకు పనికిరాదు. గడియారం బొట్టుబొట్టుగా విద్యుత్తు తాగుతుంది. కెమెరా ఒక్కసారిగా గుక్కలు వేస్తుంది. చవక సెల్లు వేసి, నాలుగు బొమ్మలకే కెమెరా ఆగిపోతే ‘యంత్రం పోయింది’ అనుకొని పక్కన పెట్టినవారు ఎందరో. ఆల్కలైన్ సెల్లు కొంత మేలు. నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం చార్జింగు సెల్లు అన్నిటికంటే మేలు. దాని వోల్టేజి 1.2 మాత్రమే అయినా, అడిగినంత విద్యుత్తును తడబడకుండా ఇస్తుంది.

రెండవది కంటికి ఆనించి చూసే చిన్న కిటికీ, అదే వ్యూఫైండర్. మండుటెండలో ఏ తెర అయినా వెలవెలబోతుంది. పొలం గట్టు మీద, తిరునాళ్ళ మైదానంలో కంటితో చూసి తీయడానికి ఈ కిటికీ ఉపకరిస్తుంది. తెరను ఆపివేస్తే సెల్లు కూడా ఆదా అవుతుంది. కంటికి కనిపించే దృశ్యం కన్నా బొమ్మలో కొంచెం ఎక్కువ భాగం పడుతుందన్న సంగతి గుర్తుంచుకుంటే చాలు.

మూడవది పైనున్న గుండ్రని చక్రం. ‘ఆటో’ మీద పెడితే కెమెరాయే అన్నీ చూసుకుంటుంది. పి, టీవీ, ఏవీ, ఎం అనే గుర్తుల మీద పెడితే పగ్గాలు మనిషి చేతికి వస్తాయి. ‘టీవీ’ అంటే టెలివిజన్ కాదు, ‘టైమ్ వాల్యూ’. షట్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో ఇక్కడ నిర్ణయించవచ్చు. ఏ590లో ఇది 15 సెకన్ల నుండి సెకనులో రెండువేలవ వంతు వరకు ఉంటుంది. దీపావళి రాత్రి కెమెరాను అరుగు మీద కదలకుండా పెట్టి రెండు సెకన్లు తెరిస్తే చిచ్చుబుడ్డి రవ్వలు వెలుగు గీతలై బొమ్మలో పడతాయి. పరుగు పందెంలో పిల్లవానిని తీయాలంటే ఐదువందలవ వంతు సెకను చాలు. వెలుతురుకు, కాలానికి ఉన్న సంబంధాన్ని పిల్లలు ఖర్చు లేకుండా స్వయంగా నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సాధనం అరుదు.

నాలుగవది ఫ్లాష్. ఫోనులో ఉండేది చిన్న ఎల్‌ఈడీ దీపం. ఈ కెమెరాలో ఉన్నది నిజమైన ఫ్లాష్ గొట్టం. కనురెప్పపాటు కంటే తక్కువ కాలంలో మెరుపు వలె వెలిగి ఆరిపోతుంది. ఎదురుగా ఉన్న ముఖం స్పష్టంగా, వెనుక గది చీకటిగా, రంగులు గట్టిగా పడే ‘ఆనాటి బొమ్మ’ రూపం ప్రధానంగా ఈ మెరుపు వలన వచ్చినదే.

ఐదవది, చెప్పుకోవడానికి చిన్నదే అయినా అనుభవంలో పెద్దది. ఇది బొమ్మలు తీయడం తప్ప వేరే పని చేయదు. మధ్యలో ఫోను మోగదు, సందేశం రాదు. పది పన్నెండేళ్ళ పిల్లల చేతికి ఫోను ఇవ్వడానికి వెనుకాడే తల్లిదండ్రులు ఈ కెమెరాను నిశ్చింతగా ఇవ్వవచ్చు.

సీసీడీ మహిమ ఎంత?

2020 తరువాత అనేక దేశాల్లో యువతరం ఈ పాత కెమెరాలను వెతికి కొనసాగింది. ‘సీసీడీ కెమెరా రంగులే వేరు’ అనే మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. దానితో వీటి ధరలూ పెరిగాయి. ఈ మాటలో నిజం ఎంత?

సీసీడీ పనితీరును బావి దగ్గర బారులు తీరిన మనుషులతో పోల్చవచ్చు. ప్రతి చుక్కలో చేరిన విద్యుదావేశం ఒక నీటి బిందె అనుకుంటే, బిందెలు చేయి మారుతూ వరుస చివరకు చేరతాయి. అక్కడ ఒకేచోట కొలత జరుగుతుంది. నేటి ఫోనులలో ఉన్న సీమాస్ రకంలో ప్రతి బిందెనూ దాని చోటనే కొలుస్తారు. అందువలన సీమాస్ వేగం ఎక్కువ, విద్యుత్తు ఖర్చు తక్కువ. సీసీడీ వెనుకబడడానికి ఇదే ప్రధాన కారణం.

ఈ రెండింటికీ రంగు తెలియదు. వాటి మీద పరచిన ఎరుపు, ఆకుపచ్చ, నీలి వడపోత గళ్ళు, లోపలి చిప్ చేసే లెక్క, లెన్సు స్వభావం, ఫ్లాష్ వెలుగు కలిసి రంగును నిర్ణయిస్తాయి. కనుక పాత బొమ్మలో కనిపించే ప్రత్యేకతను ఒక్క సీసీడీకే కట్టబెట్టడం సరికాదు. అసలు తేడా మరొకచోట ఉంది. నేటి ఫోను ఒకే నొక్కుకు అనేక బొమ్మలు తీసి, వాటిని కలిపి, నీడలను వెలిగించి, చాలాసార్లు చర్మాన్ని నునుపు చేసి చూపుతుంది. పాత కెమెరా ఒక్క బొమ్మ తీస్తుంది. చేసే దిద్దుబాటు చాలా తక్కువ. నాయనమ్మ ముఖంలోని ముడతలు ముడతలుగానే ఉంటాయి. ఆ నిజాయితీయే కొందరికి నచ్చుతున్నది.

లోపాలు కూడా తెలియాలి

తక్కువ వెలుతురులో ఈ కెమెరా ఫోనుతో పోటీపడలేదు. ఐఎస్ఓ సంఖ్య 1600 వరకు ఉన్నా, 400 దాటితే బొమ్మలో ఇసుక చల్లినట్లు చుక్కలు పుడతాయి. ఫ్లాష్ వెలుగు మూడు మీటర్లకు మించి అంతగా చేరదు. మంటపం చివర నుండి వధూవరులను తీస్తే చీకటే మిగులుతుంది. వీడియో నిడివి 640, ఎత్తు 480 చుక్కలు మాత్రమే. వెనుక తెర రెండున్నర అంగుళాలదే, పైగా మసక. అందులో బాగాలేదనిపించిన బొమ్మను తొందరపడి చెరిపివేయరాదు. పెద్ద తెర మీద చూసిన తరువాతనే నిర్ణయించుకోవాలి.

మీట నొక్కిన వెంటనే బొమ్మ పడదన్నది మరొక ఫిర్యాదు. దానికి మందు ఉంది. మీటను ముందుగా సగం వరకు నొక్కి ఉంచితే కెమెరా దూరాన్ని సరిచూసుకొని సిద్ధంగా ఉంటుంది. తగిన క్షణం రాగానే మిగిలిన సగం నొక్కాలి.

కార్డు శాశ్వతం కాదు

ఇక అసలు సంగతి. కెమెరాను బీరువాలో పెట్టినవారిలో చాలామంది ‘బొమ్మలు కార్డులో భద్రంగా ఉన్నాయి’ అనే నమ్మకంతో ఉన్నారు. ఆ నమ్మకం ప్రమాదకరం.

మెమరీ కార్డు బొమ్మను సిరాతో రాయదు. అతి సూక్ష్మమైన గదులలో విద్యుదావేశాన్ని బంధించి ఉంచుతుంది. ఆ ఆవేశం ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా జారిపోతుంది. వేడి ఎక్కువైతే ఈ జారుడు వేగం పెరుగుతుంది. వేసవిలో రేకుల ఇంట్లో, ఇనుప బీరువాలో ఎంత వేడి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఏ కార్డు ఏనాడు మాట తప్పుతుందో ముందుగా తెలియదు. పదిహేనేళ్ళు నిలిచినది పదహారవ ఏట తెరుచుకోకపోవచ్చు.

కార్డును చదివే పరికరాలు కరవవడం మరొక చిక్కు. 2002లో ఒలింపస్, ఫ్యూజీ సంస్థలు తెచ్చిన ‘ఎక్స్‌డీ’ కార్డు, 1998లో సోనీ తెచ్చిన ‘మెమరీ స్టిక్’ నేడు వాడుకలో లేనట్టే. ఇటువంటి కార్డులు ఉన్నవారు కెమెరానే జాగ్రత్త చేసుకోవాలి. వాటిని చదవగల సులభ సాధనం అదే కావచ్చు. ఏ590 వాడే ఎస్‌డీ కార్డుకు మాత్రం రీడర్లు దొరుకుతున్నాయి.

ఈ వారమే చేయవలసిన పనులు

ముందుగా సెల్లుల గది మూత తెరిచి చూడాలి. వదిలేసిన సెల్లులు కారి, లోహపు పట్టీల మీద తెల్లని పొడి పేరుకొని ఉండవచ్చు. ఆల్కలైన్ సెల్లు నుండి కారేది చర్మాన్ని కాల్చే క్షారం. చేతికి తొడుగు వేసుకొని సెల్లులు తీసివేసి, పుల్లకు చుట్టిన దూదిని వెనిగర్‌లో లేదా నిమ్మరసంలో కొద్దిగా తడిపి పట్టీలను తుడవాలి. తరువాత నీటితో తడిపి పిండిన దూదితో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. ఈ పని పిల్లలకు అప్పగించరాదు.

రెండవ పని, కార్డును బయటకు తీయడం. ఎస్‌డీ కార్డు పక్కన చిన్న జారుడు మీట ఉంటుంది. దానిని ‘లాక్’ వైపు జరిపితే పొరపాటున చెరిగిపోయే అవకాశం తగ్గుతుంది. తరువాత కార్డు రీడర్‌తో కంప్యూటరుకు ఎక్కించాలి. ఇంట్లో కంప్యూటరు లేకపోతే ఫోనుకు తగిలించే ఓటీజీ రీడర్ చాలు. అదీ లేకపోతే పట్నంలోని ఫోటో స్టూడియోలో పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోవచ్చు. తెర మీద ‘ఫార్మాట్ చేయాలా’ అని అడిగితే ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోరాదు. కార్డు చదవడం లేదని తేలితే దానిలో కొత్త బొమ్మలు తీయకుండా, తెలిసినవారికి చూపించాలి. కొత్త బొమ్మ పడిన చోట పాత బొమ్మ తిరిగి రాదు.

మూడవ పని, రెండు ప్రతులు రెండు వేర్వేరు ఇళ్ళలో ఉంచడం. ఒకటి సొంత ఇంట్లో, మరొకటి ఆడపడుచు ఇంట్లోనో, అన్నదమ్ముల ఇంట్లోనో ఉంటే ఒకచోట నష్టం జరిగినా మరొకచోట మిగులుతుంది. బంధువులకు వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నాణ్యత తగ్గిపోతుంది. ‘డాక్యుమెంట్’ రూపంలో పంపితే యథాతథంగా చేరుతుంది.

మళ్ళీ వాడాలనుకుంటే

కెమెరా పనిచేస్తుంటే ముందుగా తేదీ సరిచేయాలి. లోపల తేదీని గుర్తుంచుకునే చిన్న బిళ్ళ సెల్లు అరిగిపోయి ఉంటే ప్రతిసారీ తేదీ తప్పుతుంది, దానిని మార్చాలి. తప్పు తేదీ బొమ్మలోనే నమోదవుతుంది కనుక తరువాత ఏది ఏ పండుగలో తీసినదో తెలియక తికమక కలుగుతుంది.

కొత్త కార్డు కొనేటప్పుడు పెద్దది తీసుకోవాలనే ఆశ పడరాదు. ఏ590 వంటి కెమెరాలు 32 జీబీ వరకు ఉండే ఎస్‌డీహెచ్‌సీ రకాన్ని మాత్రమే గుర్తిస్తాయి. 64 జీబీ, ఆపై ఉండే ఎస్‌డీఎక్స్‌సీ రకం వీటికి తగినది కాదు. ఒక బొమ్మ సుమారు మూడు మెగాబైట్లే కనుక 2 జీబీ కార్డులోనే ఐదారువందల బొమ్మలు పడతాయి.

వాడిన కెమెరా కొనేవారు దుకాణంలోనే సెల్లులు వేసి చూడాలి. లెన్సు గరగర శబ్దం లేకుండా బయటకు వచ్చి లోపలికి వెళ్ళాలి. లెన్సు గొట్టంలో ధూళి చేరితే ఈ కెమెరాలు బిగుసుకుపోతాయి. ఫ్లాష్ వెలగాలి, సెల్లుల గది మూత గట్టిగా పడాలి. బీరువాలో ఉన్నదానితో సరిపోతుంటే, ప్రచారం చూసి ఎక్కువ ధర పెట్టడం అనవసరం.

పేరు లేని బొమ్మ

చివరగా ఒక మాట. కార్డులోని ప్రతి బొమ్మకూ కెమెరా ఒక సంఖ్య ఇస్తుంది, పేరు ఇవ్వదు. పందిట్లో పెళ్ళికూతురు పక్కన నిలబడిన ముసలావిడ ఎవరో, ఏ ఊరినుండి వచ్చిందో, ఏ వరసో ఇంట్లోని పెద్దలు చెప్పాలి. వారు వెళ్ళిపోయిన తరువాత ఎన్ని మెగాపిక్సెళ్ళు ఉన్నా ఆ ముఖం అపరిచితమే.

అందుచేత కొన్ని మంచి బొమ్మలను ఎంచి, కాగితం మీద అచ్చువేయించి, అమ్మమ్మ దగ్గర, పెదనాన్న దగ్గర కూర్చొని పేర్లు అడిగి వెనుక పెన్సిలుతో మెల్లగా రాయించాలి. సరిహద్దు పల్లెల ఇళ్ళకు ఇందులో మరొక జాగ్రత్త అవసరం. ఇంట్లో తెలుగు మాట్లాడినా, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో చదువుకొని తెలుగు అక్షరాలు రాని పిల్లలు ఎందరో ఉన్నారు. పేరును తెలుగులోనూ, పిల్లలు చదువుకున్న లిపిలోనూ రాస్తే రేపు ఆ ఆల్బము తెరిచిన మనుమడు ముత్తవ్వ పేరు తానే చదువుకోగలడు. కెమెరా తన వంతు పనిని ఏనాడో పూర్తిచేసింది. మిగిలిన పని ఇంటివారిది. అది పెద్దలు ఉండగానే జరగాలి.